చేదు విరిచే విద్య

చేతికి నూనె రాసుకోకుండా కంద కోసే ఇల్లాలు మన ఊళ్లలో అరుదు. చింతపండు పులుపు తగలందే ఆ ముక్క విస్తట్లోకి రాదు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నోటినీ గొంతునీ దురద పెట్టేవి అవే. ఆ రసాయనం పేరు వినని తరాలు కూడా దురదను లొంగదీసి కందాబచ్చలి వండుకున్నాయి, పెళ్లి పంక్తుల్లో వడ్డించాయి. తినరానిదాన్ని తినదగ్గదిగా మార్చే ఈ పనిని మనం వంటలో చిన్న భాగం అనుకుంటాం. మన్యానికి వెళ్తే, అసలు వంటంతా అదేనని తెలుస్తుంది.

తొలకరికి చిగిర్చి చెట్లకు అల్లుకునే అడవి గడ్డల తీగలు తూర్పు కనుమల్లో చాలా ఉన్నాయి. కొన్నిటిని తవ్వి, కాల్చుకుని తినేయొచ్చు. పులిదుంప, తెల్లగినిగడ్డ అని పేర్లున్న తీగ అలాంటిది కాదు. కాడకు మూడేసి ఆకులు, తీగకు ముళ్లు. శాస్త్రంలో దాని పేరు డయోస్కోరియా హిస్పిడా. గడ్డలో డయోస్కోరిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. అది నరాల మీద దెబ్బ కొడుతుంది. సరిగ్గా శుద్ధి కాని గడ్డ తింటే తల తిరుగుతుంది, వాంతులవుతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. అలాంటి గడ్డను కొండ జనం కడుపు నింపే తిండిగా మార్చుకున్నారు.

ఎలా మార్చుకున్నారో మారేడుమిల్లి వైపు ఒక గూడెంలో ఒక అవ్వ నాకు చూపించింది. చెక్కు లోతుగా తీసింది. ముక్కల్ని వీలైనంత పల్చగా తరిగింది. బుట్టలో వేసి, పైన రాళ్లు పెట్టి, పారే ఏట్లో దించింది. ఇంట్లో కుండలో నానబెడితే చాలదా అని అడిగాను. "నిలవ నీళ్లలో చేదు ఎక్కడికి పోద్ది బాబూ? ముక్కలోంచి వచ్చి అక్కడే ఉంటది" అంది. డయోస్కోరిన్ నీళ్లలో కరుగుతుంది. ముక్క ఎంత పల్చనైతే అంత తొందరగా బయటికొస్తుంది. పారే నీరైతే వచ్చినదాన్ని వచ్చినట్టే మోసుకుపోతుంది. ప్రయోగశాల చెప్పే కారణం, అవ్వ చెప్పిన కారణం ఒక్కటే. ఎన్ని రోజులు ఉంచాలి అంటే "ఏరును చూసి చెప్పాలి" అంది. ఏరు ఉరికితే ఒక లెక్క, సన్నగా పారితే ఇంకో లెక్క. కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చుకునే విద్య కాదిది. పక్కన కూర్చుని, ఏళ్ల తరబడి చూసి నేర్చుకునేది.

మామిడి టెంకల అంబలిదీ ఇదే దారి. టెంకల్ని ఎండబెట్టి, లోపలి జీడిని దంచి, ఆ పిండిని గుడ్డలో మూటగట్టి పారే నీళ్లలో ఉంచి వగరు పోగొడతారు. ఆ తర్వాతే అంబలి కాస్తారు. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఈ అంబలి తాగిన గిరిజనులు పలువురు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలోనూ ఇలాంటి మరణాలే సంభవించాయి. టెంకలు తినే అలవాటే తప్పన్న మాటను నేను ఒప్పుకోను. అది తరతరాల తిండి. కానీ టెంక బాగా ఎండాలి, పొడిగా నిలవుండాలి. వానల్లో చెమ్మ తగిలితే బూజు పడుతుంది. బూజు వదిలే విషాల్లో కొన్ని ఎంత కాచినా పోవు. ఇంట్లో బియ్యముంటే అలాంటి టెంకను ఏ తల్లయినా అవతల పారేస్తుంది. గింజ లేని ఇంట్లో పారేయడానికి చేయి రాదు. ఈ విద్యకు సమయం కావాలి, పనికిరానిదాన్ని వదులుకునే వెసులుబాటు కావాలి. ఆకలి ఆ రెంటినీ లాగేసుకుంటుంది.

మైదానంలో ఉన్న మనకూ ఈ విద్య పరాయిది కాదు. పండగనాడు పాయసంలో పడే సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి వస్తుంది. ఆ దుంపలో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలుంటాయి. తురమడం, కడగడం, ఆరబెట్టడం వల్ల అవి తొలగుతాయి. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో యంత్రాలు చేస్తున్న పనిని అమెజాన్ అడవుల్లో ఆడవాళ్లు ఏనాటి నుంచో చేతుల్తో చేస్తున్నారు. అరకు సంతలో కొనే లేత వెదురు కొమ్ముల్లోనూ ఆ గుణం ఉంది. అందుకే వాటిని బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే కూర వండాలి.

అన్ని విషాలూ నీటికీ నిప్పుకీ లొంగవు. ఎరుపూ పసుపూ కలిసిన మంట లాంటి పువ్వు పూసే అడవినాభి గడ్డలో కొల్చిసిన్ ఉంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. శ్రీలంకలో దాన్ని చిలగడదుంప అనుకుని తిని చనిపోయినవాళ్లున్నారు. ఆకు ఎండిపోయాక మట్టిలో మిగిలిన గడ్డను చూసి ఏ తీగదో పోల్చుకోవడం కష్టం. ఏది శుద్ధి చేస్తే తినొచ్చో తెలియడం సగం విద్య. దేన్ని అసలు ముట్టుకోకూడదో తెలియడం మిగతా సగం.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, అడవి తిండి వీడియోలు వరసగా వస్తాయి. తవ్వడం, వండడం, తినడం అన్నీ నిమిషాల్లో అయిపోతాయి. బుట్ట ఏట్లో ఉన్న రోజులు మాత్రం తెర మీద కనబడవు. ప్రాణం కాపాడేవి ఆ రోజులే. ఇలా శుద్ధి చేసి వండుకునేదాన్ని మనం 'కరువు తిండి' అని చిన్నచూపు చూశాం. అది తప్పు. ఆ అవ్వ లాంటివాళ్లు నిపుణులు. వాళ్ల విద్యను వాళ్ల పేర్లతోనే నమోదు చేయాలి, వాళ్ల మనవరాళ్లకు బళ్లో పాఠంగా చెప్పాలి.

పాఠకులకు నా విన్నపం ఒకటే. అడవి దుంప తినాలనుంటే తెలిసినవాళ్లు వండిపెట్టినప్పుడే తినండి. వీడియో చూసి తవ్వకండి, రుచి చూసి తేల్చుకుందామనుకోకండి. తిన్నాక వాంతులో, నోటి తిమ్మిరో, కళ్లు తిరగడమో కనిపిస్తే నాటువైద్యంతో పొద్దుపుచ్చకండి. తిన్న దుంప ముక్కనూ దాని ఆకునూ వెంటబెట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.