మెటియాబ్రుజ్ దేగులో బంగాళదుంప

కలకత్తా బిర్యానీ అనగానే మన హైదరాబాదు వాళ్లు ఒక వెక్కిరింపు నవ్వు నవ్వుతారు. "ఆలుగడ్డ ఏస్తే అది బిర్యానీ ఎట్లయితది?" అని తీర్పు చెప్పేసి చేతులు కడుక్కుంటారు. ఆ తీర్పు చెప్పేవాళ్లలో చాలామంది కలకత్తా అంచున ఉన్న మెటియాబ్రుజ్ మొహం చూసినవాళ్లు కారు. ఏ స్టేషను బయటో ఎర్రగుడ్డ చుట్టిన దేగు ముందు నిలబడి, రంగునీళ్లు చల్లిన అన్నం నాలుగు ముద్దలు తిని, ఇదే కాబోలు అనుకుని రైలెక్కేసినవాళ్లు. వాళ్లమీద నాకు కోపం లేదు. ఆ అన్నం అమ్మినవాడి మీదే ఉంది. వాడి సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు నలుగురు స్నేహితులు కలిస్తే బాంకాక్ అంటున్నారు. వీధుల్లో తిరగాలి, దొరికింది తినాలి, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకోవాలి. మంచిదే. మా నలుగురిలోనూ ఆ మాట వచ్చింది. విశాఖ మిత్రుడు మాత్రం, తిండి కోసమే అయితే హౌరా మెయిల్ ఎక్కితే చాలు, పాస్‌పోర్టు దండగ అన్నాడు. సరేనని మెటియాబ్రుజ్ దారి పట్టాం. అతనిది రైల్వే కుటుంబం. మెటియాబ్రుజ్‌ను ఆనుకున్న గార్డెన్ రీచ్ అన్న పేరు వాళ్లింట్లో పుట్టినప్పటినుంచీ వింటున్నదే. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆగ్నేయ రైల్వే కింద ఉండేది. ఆ రైల్వే పెద్దాఫీసు గార్డెన్ రీచ్‌లో. బదిలీకీ ప్రమోషన్‌కీ ఫైలు పట్టుకుని అక్కడికి తిరిగిన ఉత్తరాంధ్ర ఉద్యోగులు ఎందరో. ఆ తరం పెద్దలు ఇప్పటికీ బీఎన్నార్ అనే అంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. మెటియాబ్రుజ్‌లో అవధ్ ఆఖరి నవాబు వాజిద్ అలీ షా కన్నుమూసింది కూడా ఆ ఏడాదే, సెప్టెంబరులో. నవాబు మొదట దిగిన బంగళాయే తర్వాత రైల్వే పెద్దదొర నివాసమైందని అక్కడివాళ్లు చెబుతారు.

చరిత్ర అందరికీ తెలిసిందే కనుక రెండు ముక్కల్లో ముగిస్తాను. 1856 ఫిబ్రవరిలో ఇంగ్లీషువాళ్లు అవధ్‌ను మింగేశారు. ఆ మే నెలలో నవాబు కలకత్తా చేరాడు. 1857 తిరుగుబాటు రోజుల్లో ఫోర్ట్ విలియంలో బంధించారు, 1859లో వదిలారు. ఏడాదికి 12 లక్షల పింఛను. దాంతో హుగ్లీ గట్టున మెటియాబ్రుజ్‌లో రెండో లక్నో కట్టుకున్నాడు. సుల్తాన్ ఖానా, అసద్ మంజిల్, మురస్సా మంజిల్, ఇంకా ఎన్నో. వెంట కథక్ నర్తకులు, ఠుమ్రీ గాయకులు, గాలిపటాల ఉస్తాదులు, పావురాలు పెంచేవాళ్లు, వంటవాళ్లు. సత్యజిత్ రాయ్ 'శత్రంజ్ కే ఖిలాడీ'లో అమ్జద్ ఖాన్ వేసిన పాత్ర ఈ నవాబుదే. సినిమా లక్నోలోనే ముగిసిపోతుంది. నాకైతే ఆ తర్వాత గడిచిన 31 ఏళ్ల కథే రుచి.

ఆ వంటవాళ్లు సామాన్యులు కారు. మెటియాబ్రుజ్‌లోనే పెరిగిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ లక్నో వైభవం గురించి రాస్తూ వాళ్ల ఘనకార్యాలు ఒక్కొక్కటే చెబుతుంటే మనకు అన్నం సహించదు. బాదంపప్పును బియ్యపు గింజల్లా, పిస్తాను పప్పుబద్దల్లా చెక్కి కిచిడీ వండినవాడున్నాడు. దానిమ్మ గింజల పులావులో ప్రతి మెతుకూ సగం కెంపు, సగం తెలుపు. నవాబు ఒకసారి ఢిల్లీ రాకుమారుడు మీర్జా ఆస్మాన్ ఖద్ర్‌ను విందుకు పిలిచి, ముందు ఒక మురబ్బా పెట్టించాడు. తీపి అనుకుని నోట్లో వేసుకుంటే మాంసం కుర్మా! రాకుమారుడు ఊరుకున్నాడా? కొన్నాళ్లకు తన విందుకు నవాబును పిలిచాడు. పులావు, కబాబు, కుర్మా, పరోటా, పచ్చడి, ఆఖరికి పళ్లేలతో సహా అన్నీ చక్కెరతో చేసినవే.

అంతకు ముందరి అవధ్ నవాబు అసఫుద్దౌలా కొలువులో ఇంకొకడు. మినపపప్పు ఒక్కటే వండుతాను, నెలకు 500 రూపాయలివ్వాలి, ఒకరోజు ముందు చెప్పాలి, వండగానే వచ్చి తినాలి అని షరతు పెట్టాడు. ఒకనాడు నవాబు ఆలస్యం చేశాడు. మూడుసార్లు కబురంపినా రాలేదు. వంటవాడు పప్పు తీసుకెళ్లి ఎండిన చెట్టు మొదట్లో పోసేసి, కొలువు వదిలి వెళ్లిపోయాడు. ఆ చెట్టు మళ్లీ చిగిర్చిందంటారు. చెట్టు సంగతి నమ్మినా నమ్మకపోయినా, ఆ వంటవాడి పొగరు మాత్రం నాకు భలే నచ్చింది. పని తెలిసినవాడికి ఆ మాత్రం ఉండాలి.

లక్నో వంటింట్లో అందరూ ఒకటి కాదు. పదిమందికి పెద్ద దేగుల్లో వండేవాడు బావర్చీ. కొద్దిమందికి, చిన్న పాత్రలో, కంటికీ నాలుకకూ ఒకేసారి విందు చేసేవాడు రకాబ్దార్. రొట్టెలవాడు నాన్‌బాయీ. రకాబ్దార్లు నవాబులతోనే పోయారు. బావర్చీల వారసులు, వాళ్ల దగ్గర పని నేర్చినవాళ్లు మిగిలారు. మెటియాబ్రుజ్ సందుల్లో పెళ్లిళ్లకు దేగులెక్కించే ముసలి ఉస్తాదుల చేతిలో ఆ విద్య ఇంకా ఉంది.

మన కచ్చీ బిర్యానీలో పచ్చిమాంసం నానబెట్టి, పైన అన్నం వేసి, రెండింటినీ ఒకేసారి దమ్ము చేస్తాం. అందులో తెగువ ఉంది, కాదనను. ఇక్కడిది పక్కీ పద్ధతి. మాంసాన్ని పెరుగు, ఉల్లి, అల్లంవెల్లుల్లితో ముందే మెత్తగా వండి, ఆ రసాన్ని, అంటే యఖ్నీని, వేరే ఉంచుతారు. కారం పేరుకే. జాజికాయ, జాపత్రి, యాలకులు, షాజీరా పడతాయి కానీ ఏదీ 'నేనున్నా' అని అరవదు. కొందరు ఆలూబుఖారా వేస్తారు, మాంసంలో సన్నటి పులుపు తగులుతుంది. బియ్యం మూడొంతులు ఉడికి లోపల పలుకు మిగిలినప్పుడు వార్చాలి. మేం చూసిన ఉస్తాదు గడియారం చూడలేదు. నాలుగు మెతుకులు తీసి బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. రెండోసారి నలపగానే, "ఉతారో" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు దేగు దించేశారు. ఇంకో నిమిషం ఆగితే అన్నం ముద్దయ్యేదని మా గుంటూరు మిత్రుడికి కూడా అర్థమైంది.

ఇక బంగాళదుంప. అసలు పనితనమంతా అక్కడే. తొక్క తీసి, చిన్నదైతే కాయపళంగా, పెద్దదైతే రెండు చెక్కలుగా తీసుకుంటారు. కుంకుమపువ్వు రంగు పట్టించి, పైపొర బిగిసేదాకా నూనెలో వేయించుతారు. ఆ బిగువు లేకపోతే దమ్ములో చిదికి దేగంతా పాడుచేస్తుంది. తర్వాత యఖ్నీలో సగం ఉడికించి, మాంసంతో పాటు దేగు అడుగున పరుస్తారు. పైన అన్నం, నెయ్యి, కుంకుమపువ్వు కలిపిన పాలు, చివర్న కేవ్రా, మీఠా అత్తరు చుక్కలు. కేవ్రా అంటే మన మొగలిపువ్వు నీరే. మొగలికి పేరుపడ్డ గంజాం జిల్లా హౌరా మెయిల్ దారిలోనే ఉంది. శ్రీకాకుళం దాటి బరంపురం వెళ్లే ఆ దారిలో పూసిన పువ్వే మెటియాబ్రుజ్ దేగులో పడుతుందంటే మా విశాఖ మిత్రుడు ఛాతీ విరుచుకున్నాడు.

మూత పెట్టి, అంచుల చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసి, మూత మీద నిప్పులు పోస్తారు. కింద మంట సన్నగా. అప్పట్నుంచి ఉస్తాదుకి చెవే ఆధారం. దేగుకి ఆనించినంత దగ్గరగా వంగి వింటాడు. లోపలి కుతకుత సన్నబడి ఆగిపోతే నిప్పులు లాగేయాలి. మూత తీశాక గరిటె పెట్టరు. చిన్న స్టీలు పళ్లేన్ని దేగు అంచునుంచి ఏటవాలుగా దించి, మెతుకు విరక్కుండా పొరలన్నీ ఒక్కసారే పైకి తీస్తారు. పళ్లెంలో అన్నం సగం తెలుపు, సగం పసుపు. ఒక మాంసం ముక్క, ఒక బంగాళదుంప. దుంపను బొటనవేలితో నొక్కితే పొరలుగా విచ్చుకుని, నడిమధ్య నుంచి జాపత్రి వాసనతో ఆవిరి రావాలి. లోపల తెల్లగా, సప్పగా ఉంటే ఆ వంటవాడు పని దొంగ అన్నమాట. మాంసం మీద రుచి తేలికగా పడుతుంది. నీళ్లూ పిండీ తప్ప ఏమీ లేని దుంపలోకి మాంసపు సారాన్ని ఎక్కించడమే విద్య.

నవాబు పేదవాడైపోయి మాంసానికి బదులు దుంప వేయించాడనే కథ ఎవరు పుట్టించారో గాని దాన్ని నేను ఒప్పుకోను. షరర్ లెక్క ప్రకారం ఆయన తన జంతువుల తిండికే నెలకు దాదాపు 9 వేల రూపాయలు ఖర్చుపెట్టేవాడు. పట్టురెక్కల పావురాల జత 24 వేలకు కొన్నాడు. పావురాలకు అంత పోసినవాడు మాంసం ముక్కకు మొహం వాచాడా? వాజిద్ అలీ షా, బేగం హజ్రత్ మహల్ వంశంలో పుట్టి, కలకత్తాలో సొంతంగా అవధీ భోజనశాల నడుపుతున్న మంజిలత్ ఫాతిమా కూడా ఇదే మాట అంటారు. దుంప అప్పటికి కొత్త వస్తువు, కొత్తదనం కోసమే వేశారు అని. నా ఓటు ఆవిడకే. థాయ్‌లాండ్ మసమాన్ కూర చూడండి. ముస్లింల నుంచి వచ్చిన మాంసం కూరే. అందులోనూ బంగాళదుంప ఉంటుంది. దాన్ని ఎవరూ పేదకూర అనరు, హోటళ్లలో బోలెడు ధరపెట్టి తింటారు. వెక్కిరింపు మన బంగాళాఖాతం ఈ ఒడ్డుకే ఎందుకో!

మెటియాబ్రుజ్ అంటే ఒక్క దేగే కాదు. ఐరన్ గేట్ రోడ్డులో షాహీ మసీదు, నవాబు నిద్రించే సిబ్తైనాబాద్ ఇమాంబాడా, వాటి చుట్టూ సందుసందునా కుట్టు మిషన్ల చప్పుడు. ఒస్తాగర్లనే దర్జీ మేస్త్రీలు కుట్టించిన పిల్లల గౌన్లు, ప్యాంట్లు ఇక్కడి హాట్‌లనే సంతల నుంచి దేశమంతటికీ పోతాయి. సాయంత్రమయ్యేసరికి డాబాల మీద పావురాలు, గాలిపటాలు. బిచాలీ ఘాట్‌లో నిలబడితే అవతలి గట్టున బొటానికల్ గార్డెన్ చెట్లు కనిపిస్తాయి. అక్కడ టీ తాగుతూ మేం నలుగురం సాలన్ గురించి పెద్ద గొడవ పడ్డాం. గుంటూరు మిత్రుడు మధ్యాహ్నం బిర్యానీలోకి మిర్చీ కా సాలన్ అడిగాడు మరి. వడ్డించే కుర్రాడు చాప్ తెచ్చిపెట్టాడు. నెయ్యిలో నెమ్మదిగా మగ్గిన ఆ మటన్ చాప్ తిన్నాక కూడా మనవాడు పచ్చిమిరపకాయ కావాలన్నాడు. ఏం చేస్తాం.

ఇప్పుడు ఆ ఎర్రగుడ్డ దేగులవాడి సంగతి. కలకత్తాలో బస్టాపు బస్టాపుకీ ఒక దేగు. నెయ్యి బదులు డాల్డా. కుంకుమపువ్వు బదులు పసుపురంగు పొడి. మొగలిపువ్వు నీరు పోసే చోట సీసాలో అమ్మే కృత్రిమ సెంటు. మూత తియ్యగానే తల తిరిగేంత వాసన. దుంపను వేరే నీళ్లలో ఉడికించి, రంగు పూసి, వడ్డించే ముందు అన్నంలో గుచ్చుతున్నారు! దమ్ము లేదు, యఖ్నీ లేదు, నిప్పుల మాటే లేదు. దానికి మెటియాబ్రుజ్ అని బోర్డు, నవాబు బొమ్మ. ఇది వంట కాదు, మోసం. పులావు మెతుక్కి కెంపు రంగు ఎక్కించిన ఉస్తాదుల పేరు చెప్పుకుని రంగుపొడి చల్లడం కంటే దొంగతనం ఏముంటుంది? మన హైదరాబాదులోనూ కలకత్తా బిర్యానీ పేరుతో కారం, పుదీనా దట్టించిన అన్నంలో ఒక దుంప పడేసి పెడుతున్నారు. రెండు సంప్రదాయాలకూ ఒకే దెబ్బతో ద్రోహం.

ఉస్తాదుల కొడుకులేమో కుట్టు మిషన్ల వైపు పోతున్నారు, తప్పు పట్టలేం. పెళ్లివారు ప్లేటుకు పది రూపాయలు తగ్గించమని బేరమాడితే ఉస్తాదు ముందుగా తగ్గించేది కుంకుమపువ్వునే. లక్నో దమ్ము వంటను ఐదు నక్షత్రాల హోటల్‌కి ఎక్కించిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన దానికి తగినవాడే. మరి హోటలు లేని ఈ ముసలివాళ్ల మాటేమిటి? ఠుమ్రీకి స్వరలిపి రాసుకున్నట్టే ఈ దమ్మునూ ఎవరైనా పక్కన కూచుని రాసుకోవాలి. ఏ మాంసానికి ఎంత యఖ్నీ, ఏ దుంపకు ఎంత వేపుడు, మంట ఎప్పుడు లాగాలి, అన్నీ. విశ్వవిద్యాలయాలు, వంట కళాశాలలు ఈ పని చేయొచ్చు. నవాబు మంజిళ్లను ఎలాగూ కాపాడుకోలేకపోయాం, కూల్చి అమ్మేశారు. మిగిలింది ఈ చేతులే.

మీరు వెళ్లదలిస్తే శని, ఆదివారాలు మానుకోండి. హాట్ జనంలో కాలు పెట్టే సందుండదు. మధ్యాహ్నం దేగు మూత తీసే వేళకు చేరండి. బోర్డు మీద నవాబు బొమ్మ లేని కొట్టు చూసుకోండి. వాసన వీధి చివరికి కొడుతుంటే ఆ కొట్టు వదిలేయండి, మంచి దేగు దగ్గరికి వెళితేనే తెలుస్తుంది. రెండో దుంప అడగండి. దానికి వేరే డబ్బులు తీసుకుంటారు. బేరమాడకుండా ఇచ్చేయండి.