దీనత్వం ఎవరి మాట?

తెలుగు క్రైస్తవ సాహిత్యం చదివేటప్పుడు నన్ను ప్రతిసారీ ఆపేసే మాట ఒకటుంది: దీనత్వం. మామూలు తెలుగులో ‘దీనంగా చూశాడు’ అంటే వినయంగా చూశాడని ఎవరూ అనుకోరు. దిక్కులేనట్టు చూశాడనే అర్థం. అదే మాట చర్చి తెలుగులోకి వచ్చేసరికి సుగుణం అయింది. గర్వం వదిలేయడం, దేవుడి ముందు తనను తాను తగ్గించుకోవడం. ఒక దుస్థితికీ ఒక సద్గుణానికీ ఒకటే పేరు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఈ రెండర్థాల మధ్య తేడా నిఘంటువు చూస్తే తేలేది కాదు. దాని వెనక కూలి ఉంది, కులం ఉంది.

ముందు ఆ ఊళ్ల గురించి కొంచెం. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం. చుట్టుపక్కలంతా చాలావరకు వాన మీద ఆధారపడ్డ చేలు. చేలల్లో పని అయిపోగానే, వాన ఎగ్గొట్టిన ఏడాదైతే అంతకన్నా ముందే, ఇళ్లకి తాళాలేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకీ, బెంగళూరులో కట్టడం పనులకీ వలసపోతారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ బళ్ళారికి లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లోనే వచ్చాడు. అంటే ఈ వైపు క్రైస్తవానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇప్పుడు పల్లెల్లో చర్చికి పోయేవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

తెలుగు చర్చిల్లో తరతరాలుగా పాడుకుంటున్న పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. పాటల పైన రాగం, తాళం కూడా వేసి ఉంటాయి. అందులోని ముఖ్యమైన కవుల్లో ఒకరు పురుషోత్తమ చౌధరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, తెలుగులో కీర్తనలు రాశాడు. ఆ పుస్తకంలో పాడేవాడు తనను పాపిననీ దాసుడిననీ ఎన్నోసార్లు చెప్పుకుంటాడు. మన భక్తి సాహిత్యానికి ఇది కొత్తేం కాదు, రామదాసూ త్యాగయ్యా చేసిందే. పుట్టుకతోనే గౌరవం దక్కిన మనిషి ‘దాసుణ్ణి’ అన్నప్పుడు ఏదో ఒకటి వదులుకుంటున్నాడు. ఆ వదులుకోవడంలోనే అందం ఉంది. మరి అదే పాటని తరాల తరబడి ఊరి బయట ఉంచిన మనుషులు పాడితే? వాళ్లు కొత్తగా వదులుకోవడానికి ఏముంది? దొర ఇంట్లో జీతానికున్న తాత గుర్తున్నవాళ్లకి ‘దాసుడు’ ఉపమానం కాదు, ఇంటి చరిత్ర. పాట మారలేదు, రాగం మారలేదు, గొంతు మారేసరికి అర్థం మారిపోయింది. కీర్తనల గురించి మాట్లాడేటప్పుడు ఎవరు రాశారని అడుగుతాం. ఎవరు పాడుతున్నారని కూడా అడగాలి.

జాషువా దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. ‘గబ్బిలం’ (1941)లో నాయకుడు కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. అందులో ఆకలి ఉంది, కోపం ఉంది, ఎత్తిపొడుపు ఉంది. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మనం మొదటిదాన్ని ధిక్కారం అరలో, రెండోదాన్ని భక్తి అరలో పెట్టేసి ఊరుకున్నాం. రాసింది ఒకే మనిషి కదా! దేవుణ్ణి నిలదీయడం కూడా ప్రార్థనే. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో ఇట్లాంటి మొరలు బోలెడు. దీనత్వానికి ధిక్కారం ఎదురని మనం అనుకోవడం వల్లే ఈ రెండు అరలు.

ఈ రెండూ ఒకే నోట వినాలంటే పుస్తకాలు పక్కన పెట్టి ‘సాక్ష్యం’ వినాలి. ఇంట్లో పెట్టుకునే ప్రార్థనల్లో, ఆరాధన మధ్యలో ఒకరు లేచి, అందరికీ వందనాలు చెప్పి, ఈ మధ్య తమ జీవితంలో జరిగింది చెప్తారు. నా దృష్టిలో ఇది ఒక సాహిత్య ప్రక్రియ. దానికి ఎత్తుగడ ఉంది, మలుపు ఉంది, ముగింపు ఉంది. మొదలూ చివరా బైబిలు తెలుగులో ఉంటాయి, మధ్యలో కష్టం దగ్గరికి వచ్చేసరికి భాష పూర్తిగా సీమ మాటలోకి దిగిపోతుంది. ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో నేను విన్న సాక్ష్యం రెండు నిమిషాలు కూడా లేదు. మిరప కోతల కూలి డబ్బులు మేస్త్రీ పట్టుకుని ఇవ్వడం లేదు. ఆ అక్క చెప్పిందల్లా ఇదే: తెల్లారుజామున మోకాళ్లూని ప్రార్థన చేసుకుంది, లేచి మేస్త్రీ ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది, డబ్బులిచ్చేదాకా కదల్లేదు. ఇదంతా తన బలం కాదని, దేవుడి బలమని చెప్పి కూర్చుంది.

మోకాళ్లూనడం, నిలబడడం. రెండు క్రియల్లో కథంతా ఉంది. ఒకరి ముందు వంగింది కాబట్టి ఇంకెవరి ముందూ వంగాల్సిన పని లేకపోయింది. ‘నా బలం కాదు’ అన్న మాటని వినయం అందామా, ధైర్యం అందామా? నాకైతే విడదీయడం సాధ్యం కాలేదు.

అయితే ఈ ప్రక్రియని నెత్తిన పెట్టుకుని ఊరేగించాలని నేననడం లేదు. దానికి పరిమితులున్నాయి. దేవుడికి స్తోత్రం చెప్పడంతో సాక్ష్యం ముగియాలి. కూలి ఎగ్గొట్టినవాడి పేరు అందులో చాలాసార్లు రాదు. సాక్ష్యాలు ఎక్కువగా ఆడవాళ్లవి, ప్రసంగాలు ఎక్కువగా మగవాళ్లవి. అప్పటికే తగ్గి ఉన్నవాళ్లకి ఇంకా తగ్గించుకోండని ప్రసంగం చెప్పడం తేలిక. ఆ ప్రసంగం పొలమున్న ఆసామికీ మేస్త్రీకీ చేరాలి. అక్కడికి మాత్రం చేరదు.

ఇంకో పెద్ద అడ్డంకి చర్చి బయట ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన ఎస్సీలని బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందుకే చాలామందికి సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. తెలుగులో ‘సాక్ష్యం’ కోర్టు మాట కూడా. చర్చిలో లేచి ధైర్యంగా సాక్ష్యం చెప్పే మనిషి మండలాఫీసులో అదే విషయం గురించి నోరు మూసుకోవాల్సి వస్తోంది. ఆ మౌనం మొదటి అర్థంలోని దీనత్వం, మీద రుద్దింది. దాన్ని భక్తి ఖాతాలో వేయకూడదు.

కాబట్టి దీనత్వం గురించి ఏ రచన చదివినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. తగ్గింది ఎవరు? ఎవరి ముందు? లేచాక ఎక్కడ నిలబడ్డారు? మూడో ప్రశ్నకి జవాబు లేని రచన ఎంత భక్తిగా ఉన్నా నాకు సగమే అనిపిస్తుంది.

సీమ కథ కరువుని గొప్పగా రాసింది, ఫ్యాక్షన్నీ రాసింది. వలసపోయిన చోట, మిరప చేను గట్టున వేసుకున్న గుడిసెలో, పనికి పోయే ముందు ఒక ఆడమనిషి చేసుకునే పది నిమిషాల ప్రార్థన గురించి నేను చదివిన కథలు చాలా తక్కువ. రాయబోయేవాళ్లని ఒక్కటే కోరతాను. ఆమెని చూసి జాలిపడొద్దు, అమాయకురాలని నవ్వొద్దు. ఆమె లేచాక ఎటు నడిచిందో చూసి రాయండి.