మంత్రగాళ్ల నడుమ మామూలు మనిషి: దాసరి సుబ్రహ్మణ్యం పనితనం

చందమామ సీరియల్ అనగానే చాలామందికి ముందు బొమ్మే గుర్తొస్తుంది. మెడలో పుర్రెల దండతో మాంత్రికుడు, వాడికి ఎదురుగా కత్తి దూసిన యువకుడు, వెనక ఊడలు దిగిన మర్రి. ఆ బొమ్మలు వేసినది చిత్రా అని పాఠకులకు తెలుసు. కథ రాసినవారి పేరు ఆ పేజీల్లో ఉండేది కాదు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 1970ల చివర్లో వచ్చిన 'భల్లూకమాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్లు ఒక్క చేతి మీదుగా నడిచాయని, ఆ చెయ్యి దాసరి సుబ్రహ్మణ్యం గారిదని చాలామంది పాఠకులు పెద్దవాళ్లయ్యాక గానీ తెలుసుకోలేదు.

ఆయనది గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతం. 1952లో మద్రాసు చేరి చందమామ సంపాదక వర్గంలో కుదురుకున్నారు. సంపాదకత్వ బాధ్యత అప్పుడు కొడవటిగంటి కుటుంబరావుగారిది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రిక అప్పటికే ఇంటింటా చదివేదైంది. 1951లో అదే జంట తీసిన 'పాతాళభైరవి' కూడా జనంలో ఇంకా వేడిగానే ఉంది. తోటరాముడిని, నేపాళ మాంత్రికుడిని చూసొచ్చిన పిల్లలకు నెలనెలా అలాంటి రుచి కావాలి. దాన్ని పాతికేళ్లు అందించడం మామూలు పని కాదు.

ఆయన పనితనం ఎక్కడుందో చూడాలంటే 'తోకచుక్క' చాలు. కుండలినీ ద్వీపం సేనాపతి సమరసేనుడు ఓడల్లో బయల్దేరతాడు. ఆకాశంలో తోకచుక్క కనిపిస్తుంది, తుఫాను పడుతుంది, ఓడలు ఎవరూ ఎరగని ద్వీపానికి చేరతాయి. అక్కడ ఇద్దరు మాంత్రికులు. ఒకడు ఏకాక్షి, ఇంకొకడు చతుర్నేత్రుడు. వీళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. చతుర్నేత్రుడికి ఒక గుడ్లగూబ, ఒక నరవానరం సేవకులు. ధనరాశులున్న నౌక ఒకటుంది. దాని మీద అందరికీ కన్ను.

ఇప్పుడు సమరసేనుడి చేతిలో ఏముందో చూడండి. కత్తి, కాసింత మంది సైనికులు, సేనాపతిగా నేర్చుకున్న తెలివి. మంత్రం ఒక్కటీ రాదు. దాసరి గారి కథ అంతా ఈ లోటు మీదే నిలబడింది. మంత్రశక్తి ఉన్నవాళ్లిద్దరూ కథలో ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతుంటే, శక్తి లేనివాడు వాళ్ల మధ్య దారి వెతుక్కుంటూ నడుస్తాడు. ఎవరితో ఎప్పుడు చేతులు కలపాలి, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి, ఎప్పుడు పొదల్లో నక్కాలి అన్నవే అతని ఆయుధాలు. చదివే పదేళ్ల పిల్లాడికి కూడా మంత్రాలు రావు. అందుకే సమరసేనుడి ఇబ్బంది వాడి ఇబ్బంది అయిపోతుంది.

ఈ మధ్య పిల్లల కోసం రాస్తున్న అద్భుత సాహసాల్లో నాయకుడికి మొదటి అధ్యాయంలోనే ఏదో శక్తి వచ్చేస్తుంది. ఇక ఆపద ఎంత పెద్దదైనా చదివేవాడికి వణుకు పుట్టదు. అక్కడ కథ సగం చచ్చిపోతుందని నా అభిప్రాయం. దాసరి గారు శక్తిని దుర్మార్గుల దగ్గర ఉంచి, దానికి ఒక వెలితి కూడా పెట్టారు. మాంత్రికుడికి అంత శక్తి ఉన్నా ఏదో ఒకటి కావాలి, అది సాధించడానికి మామూలు మనిషి సాయం కావాలి. 'రాకాసిలోయ'లో బ్రహ్మదండి మాంత్రికుడు కేశవుడి వెంట పడటం అలాంటి అవసరం కోసమే. భయపెట్టేవాడికి మనతో పని ఉందని తెలిసిన క్షణంలో పిల్లలకు ధైర్యం వస్తుంది. భయం తగ్గదు, కానీ దాన్ని పట్టుకోవడానికి ఒక పిడి దొరుకుతుంది.

అయితే ఆయన ఒకే మూసలో పోస్తూ కూర్చోలేదు. 'రాతిరథం'లో ఇద్దరు నాయకులు. ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో దండం. ఇక్కడ మంచివాడికి కూడా మంత్రం తెలుసు. కానీ కథ నడిపేది వాళ్లిద్దరి స్వభావాల తేడా. ఒకడు దూకుదామంటాడు, ఇంకొకడు ఆగి చూద్దామంటాడు. పాఠకులకు ఈ జంట ఎంత నచ్చిందంటే 'యక్షపర్వతం'లో వాళ్లనే మళ్లీ తీసుకొచ్చారు. 'మాయాసరోవరం'లో జయశీలుడి పక్కన సిద్ధసాధకుడు ఉంటాడు. మహాకాలుడి పేరు ఎలుగెత్తి పలుకుతూ శూలం ఎత్తే ఆ మనిషి వస్తే చాలు, ఎంత చీకటి అడవైనా కాస్త నవ్వు పుడుతుంది. ఇలా జంటగా నడిపించడం వల్ల రచయితకు ఇంకో లాభం కూడా ఉంది. నాయకుడు ఏమనుకుంటున్నాడో వర్ణించక్కర్లేదు, పక్కవాడితో చెప్పిస్తే సరిపోతుంది. పేజీ నిండా సంభాషణే, కాబట్టి పిల్లలు తడబడకుండా చదివేస్తారు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది నెలాఖరు మలుపు. నెలకోసారి వచ్చే పత్రికలో కథ ఎక్కడ ఆపాలన్నది పెద్ద సమస్య. నాయకుడి మెడ మీద కత్తి పెట్టి ఆపేస్తే పిల్లలు రెండుసార్లు ఆదుర్దా పడతారు, మూడోసారి వాడెలాగూ బతుకుతాడని తెలిసిపోతుంది. దాసరి గారి ప్రకరణాలు చాలాచోట్ల చావు దగ్గర కాక, కొత్త ప్రశ్న దగ్గర ఆగుతాయి. చెట్ల వెనక నుంచి ఒక అరుపు. గుహలో వెలుగు. ఎదురుగా వస్తున్న గుంపు ఎవరిదో అర్థం కాదు, శత్రువులో మిత్రులో తేలదు. ఆ నెలంతా పిల్లలు వీధి అరుగుల మీద, బడిలో ఆ ప్రశ్నకు తలా ఒక జవాబు కట్టుకునే వీలుంటుంది. వచ్చే సంచికలో ముందు రెండు మూడు వాక్యాల్లో జరిగిన కథ, ఆ తర్వాత ఆలస్యం లేకుండా ఆ అరుపు ఎవరిదో తేల్చేయడం. మధ్యలో ఒక నెల పుస్తకం అందని పిల్లవాడు కూడా దారి తప్పడు.

వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. కుటుంబరావుగారి చేతిలో చందమామ భాష తేటగా స్థిరపడింది, దాసరి గారి వచనం ఆ తేటదనాన్ని సాహసానికి వాడుకుంది. భీకరం, ఘోరం అంటూ విశేషణాలు పేర్చడం కంటే, ఎవరు ఏం చేశారో చెప్పడం మీదే ఆయన చూపు. ఒకడు విల్లు ఎక్కుపెట్టాడు, కొమ్మ విరిగింది, కిందివాడు పక్కకు దూకాడు. పెద్దవాళ్లు పైకి చదివి వినిపిస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. పాత్రల పేర్లు కూడా అంతే. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనగానే వాళ్ల ముఖాలు కళ్ల ముందుకొస్తాయి, నెల తర్వాత కూడా ఎవడు ఎవడో మరచిపోరు.

ఈ పొదుపుకు చిత్రా బొమ్మలు పెద్ద అండ. టి. వి. రాఘవన్ అనే ఆయన అసలు పేరు కొద్దిమందికే తెలుసు. పేజీ పేజీకీ బొమ్మ ఉంటుంది గనక రచయిత వేషాలు, కోటలు, మృగాల ఆకారాలు వర్ణించే బరువు దించేసుకోగలిగారు. ఆ చోటంతా కదలికకు మిగిలింది. గుర్రాలకు బదులు వింత మృగాలెక్కి దూసుకొచ్చే మనుషులను దాసరి గారు ఒక్క వాక్యంలో ప్రవేశపెడతారు, ఆ మృగం కొమ్ము, జీను, కాలి గిట్టలు అన్నీ చిత్రా చూసుకుంటారు.

మెచ్చుకుంటూ ఒక వెలితి కూడా చెప్పాలి. ఈ కథల్లో ఆడపిల్లలకు చేసే పని చాలా తక్కువ. రాకుమార్తెలు తరచూ ఎత్తుకుపోబడతారు, విడిపించబడతారు. చదివే ఆడపిల్లలు తమను కేశవుడిలోనో సమరసేనుడిలోనో చూసుకోవలసి వచ్చింది. ఈ రోజు ఇలాంటి కథ రాయబోయేవారు ముందుగా సరిదిద్దవలసినది ఇదే. ఇంకో వైపు, అడవి మనుషుల విషయంలో ఆయన ఆ కాలానికి ముందే నడిచారని 'శిథిలాలయం' చూపిస్తుంది. అందులో ప్రధాన నాయకుడు శిఖిముఖి, అడవి పల్లె నాయకుడి కొడుకు. క్షత్రియ యువకుడు విక్రమకేసరి అతనికి స్నేహితుడు, సమానుడు. శిథిలాలయ పూజారిని వెంటాడుతూ ఇద్దరూ పక్కపక్కనే నడుస్తారు, అడవి తెలిసినది మాత్రం శిఖిముఖికే.

దాసరి గారు 2010లో విజయవాడలో కన్నుమూశారు. అప్పటికి ఆయన పేరు పాఠకుల్లో కొంత ప్రచారంలోకి వచ్చింది. చిన్నప్పుడు ఈ కథలు చదివిన పెద్దలు పాత సంచికలు వెతికి, సీరియళ్లను వరస కట్టి చదవడం మొదలుపెట్టారు. ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే 'తోకచుక్క'తో మొదలుపెట్టించవద్దు, 'రాకాసిలోయ' ముందు ఇవ్వండి. కేశవుడు తొందరగా దగ్గరవుతాడు. రాత్రికి ఒక ప్రకరణమే చదివి వినిపించండి, ఆ రాత్రికి పుస్తకం మీ దగ్గరే పెట్టుకోండి.