మెదడు – యంత్రము – రోగి

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాజేష్ రావు రచించిన ‘బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేసింగ్’ అను గ్రంథమును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము 2013లో ప్రకటించినది. మెదడులోని విద్యుత్ సంకేతములను గ్రహించుట, వానిని శుద్ధిచేయుట, వానితో యంత్రమును నడుపుట, తుదకు ఇందలి నైతిక సమస్యలు ఇందు క్రమముగా వివరింపబడినవి. గణితము తెలిసిన విద్యార్థికి ఇది మంచి సోపానము. అయితే సాధారణ సూత్రము ఒక ప్రత్యేక వ్యాధియందు ఎంతవరకు నిలుచునో పాఠకుడు పరీక్షించి చూడవలెను. మల్టిపుల్ స్క్లీరోసిస్ అందులకు తగిన ఉదాహరణము.

ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థయే నాడీతంతువులపై గల మైలిన్ పొరను దెబ్బతీయును. కృష్ణా డెల్టాలో గట్లు తెగిన కాలువను తలచుకొనుడు. ప్రకాశం బ్యారేజి వద్ద నీరు వదలినను శివారు పొలమునకు ఆలస్యముగా చేరును. ఒక్కొక్కప్పుడు చేరనే చేరదు. నాడీసంకేతము గతియు నిట్టిదే.

ఫార్వెల్, డాంచిన్ 1988లో వర్ణించిన పద్ధతిలో 36 గళ్ల పట్టికయందు అడ్డు, నిలువు వరుసలు మార్చిమార్చి మెరయును. కోరిన అక్షరము మెరసిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక తరంగము లేచును. దానినిబట్టి కంప్యూటర్ ఆ అక్షరమును గుర్తించును. కాని ఈ రోగులలో పలువురికి చూపు మసకబారును, కనుగ్రుడ్లు అదరును, అలసట త్వరగా కలుగును. తరంగమును ఆలస్యము కావచ్చును. శ్రమచే వీరి చూపు మందగించుటను ఉథాఫ్ 1890లోనే గుర్తించెను. ఒంటివేడి పెరుగుట ఇందులకు కారణమని తరువాత తేలినది. కావున విజయవాడ మే నెల ఎండలో, ఉదయము సరిచూచిన యంత్రము మధ్యాహ్నమునకు తప్పు చదువవచ్చును. పైగా గుణింతములు, ఒత్తులు గల మన లిపి 36 గళ్లలో ఇముడదు.

యంత్రమును నడుపజాలని వారి స్థితిని ఈ రంగములో కొందరు ‘నిరక్షరాస్యత’ అని వ్యవహరించిరి. ఇది అన్యాయము. చదువలేకపోయినది కంప్యూటర్, నింద మాత్రము మనిషిపై పడినది. పాఠము అర్థము కానపుడు బోధనను సరిచూచుకొను ఉపాధ్యాయునికి ఈ తేడా తెలియును.

చూపునకు బదులు ధ్వని, స్పర్శ వాడవచ్చును. హల్లును ముందు, గుణింతమును పిదప ఎన్నుకొనునట్లు చేయవచ్చును. యంత్రమును దినములో పలుమారులు సరిచూడవచ్చును. మాట నిలిచియున్న రోగికి అక్షరముల పట్టికకంటె పంకా మీట ఎక్కువ అక్కరకు రావచ్చును. 2016 వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని వైకల్యముగా గుర్తించినది. కావున రూపకల్పన రోగి అవసరమును అడిగి తెలిసికొనుటతోనే ఆరంభము కావలెను.