‘ది హోల్’ చిత్రము: చీకటిలో మనస్సు

నిక్ హామ్ దర్శకత్వమున 2001లో వెలువడిన బ్రిటిష్ చిత్రము ‘ది హోల్’. పాడుపడిన యుద్ధకాలపు నేలమాళిగలో నలుగురు విద్యార్థులు చిక్కుకొందురు. ఒక్క బాలికయే ప్రాణములతో బయటపడును. మనస్తత్వవేత్తకు ఆమె మొదట చెప్పిన కథ వేరు, పిమ్మట తేలినది వేరు. ఒక్క సాక్షి మాటను ఇతర ఆధారములతో సరిచూడక నమ్మరాదని చిత్రము చక్కగా తెలుపును.

అయితే ఆకలియు చీకటియు మనుష్యులను పరస్పర శత్రువులుగా మార్చితీరునను భావమును కలిగించుట దీని లోపము. 2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో వరదనీరు అడ్డుపడి 12 మంది బాలురు, వారి శిక్షకుడు చిక్కుకొనిరి. పదవ రోజున గాని వారి జాడ తెలియలేదు. గోడలనుండి కారు నీరు త్రాగుచు, ధ్యానముతో మనస్సు నిలుపుకొని, 13 మందియు బ్రతికిరి.

చిత్రము పిల్లలకు చూపదగినది కాదు. అది లేవనెత్తు ప్రశ్న మాత్రము తరగతిలో చర్చింపదగినది.