అరటన్ను ఎత్తే చేతులు

అమెరికాలో నాలుగైదెకరాల ఇంటిస్థలం ఉన్నవాళ్ళు, గుర్రాలు పెంచేవాళ్ళు, చిన్న తోటలవాళ్ళు కొనుక్కునే ట్రాక్టర్లలో కుబోటా బీఎక్స్2380, ఎల్2501 బాగా పేరున్నవి. మొదటిదాని ఇంజన్ 21.6 హెచ్‌పీ, రెండోది 24.8. తేడా మూడు హెచ్‌పీ పైచిలుకు, అంతే. ముందు బిగించే లోడర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటిది పూర్తి ఎత్తుకు 335 కిలోలు లేపితే, రెండోది 510 కిలోల దాకా లేపుతుంది. 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్పాలంటే ఏడుకీ పదకొండుకీ ఉన్న తేడా. ఇంకో తమాషా ఉంది. ఎల్2501కి బిగించే ఎల్ఏ525 లోడర్‌నే 37 హెచ్‌పీ దాటిన ఎల్3901కి కూడా బిగించి అమ్మారు. అదనంగా పన్నెండు హెచ్‌పీకి డబ్బు పోసి కొన్నా, ముందు చేతుల బలం అక్కడే ఉంటుంది.

ఆ 24.8 అనే అంకె కూడా ఊరికే పడలేదు. అమెరికా పొగ నిబంధనలు 25 హెచ్‌పీ దగ్గర బిగుసుకుంటాయి. ఆ గీతకు ఇవతల ఆగితే పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ అక్కర్లేదు. అందుకే 1.6 లీటర్ల పెద్ద ఇంజన్‌ని తక్కువ వేగంలో, తాపీగా తిప్పుతారు. బీఎక్స్ ఇంజన్ 0.9 లీటరే, అది 3,200 ఆర్‌పీఎం మీద పరుగెత్తి తన హెచ్‌పీ తెచ్చుకుంటుంది.

ఇంజన్ కాకపోతే ఎత్తే బలం ఎక్కడిది? ఇంజన్ తిప్పే గేర్ పంపు నూనెను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోస్తుంది, అంతవరకే దాని పని. యాక్సిలరేటర్ పెంచితే నిమిషానికి ఎక్కువ నూనె వస్తుంది, చేతులు త్వరగా లేస్తాయి. ఎంత బరువు లేస్తుందన్నది నూనె ఒత్తిడి, జాకీలోని పిస్టన్ వైశాల్యం కలిసి తేలుస్తాయి. ఒత్తిడికి హద్దు గీసేది రిలీఫ్ వాల్వ్. ఒక స్ప్రింగు, దాని కింద ఒక చిన్న మూత. హద్దు దాటగానే మూత లేచి, నూనె కీచుమంటూ ట్యాంకుకి తిరిగిపోతుంది. మోయలేని బరువు పెట్టినప్పుడు డ్రైవరుకి వినిపించే ఆ చప్పుడు ట్రాక్టర్ చెప్పే ‘ఇక చాలు’.

ఒక లెక్క వేద్దాం. పిస్టన్ అడ్డకొలత 40 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి 150 కిలోల ఒత్తిడి పెడితే ఒక్కో జాకీ 1,885 కిలోల బలంతో తోస్తుంది. రెండు జాకీలు కలిపి మూడు టన్నుల ముప్పావు. అంత తోపు చివరికి మూడొందల కిలోల చిల్లర ఎందుకవుతుంది? ఎత్తు కోసం. జాకీ తోపు భుజం పిన్ను నుంచి 20 సెంటీమీటర్ల దూరాన పనిచేస్తే, బకెట్ వేలాడే పిన్ను 160 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. ఎనిమిదో వంతు మిగిలిందంటే 470 కిలోలు. చేతుల ఇనుము తన బరువును తాను మోసుకోవడానికి అందులో కొంత పోతుంది. బదులుగా, జాకీలో జానెడు కదలిక కొసన దాదాపు ఆరడుగుల ఎత్తవుతుంది.

ఈ ఇరవై సెంటీమీటర్లు కూడా స్థిరంగా ఉండవు. చేతులు పైకి పోయేకొద్దీ జాకీ గీత భుజం పిన్నుకి దగ్గరగా జరుగుతుంది, పట్టు తగ్గుతుంది. అందుకే నడుము ఎత్తుకు హాయిగా లేచిన బరువు లారీ అంచు దాకా వెళ్ళి ఆగిపోతుంది. పూర్తి ఎత్తులో కొలిచి చెప్పిన అంకే నిజాయితీ గల అంకె. ఎక్కడ కొలిచారన్నదీ చూసుకోవాలి. బకెట్ పిన్ను దగ్గర కొలిస్తే అంకె పెద్దది, పిన్నుకి 500 మిల్లీమీటర్ల ముందు కొలిస్తే చిన్నది. మట్టి, పేడ, కంకర ఏవైనా బకెట్‌లో పడేది పిన్నుకి ముందే కాబట్టి పనిలో మనకు దొరికేది రెండోదే. ఒక కంపెనీ మొదటి అంకెనూ ఇంకో కంపెనీ రెండో అంకెనూ పక్కపక్కన పెట్టి బేరం తేల్చుకున్నవాళ్ళు మోసపోయింది తమ చేతుల్లోనే.

మన షోరూముల్లో ‘లిఫ్టింగ్ కెపాసిటీ’ అంటే ఇది కాదని గుర్తుంచుకోవాలి. మహీంద్రా జీవో 245కి చెప్పే 750 కిలోలు వెనక రోటవేటర్ తగిలించే మూడు పాయింట్ల లింకేజీది. మన పొలాల్లో చిన్న ట్రాక్టర్ బతుకంతా వెనకవైపే. ముందు లోడర్‌తో పని అమెరికా ఇళ్ళ దగ్గర ఎక్కువ: మంచు తోయడం, గుర్రాల పేడ ఎత్తడం, కట్టెలు మోయడం. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో ఆవిష్కరించిన మహీంద్రా ఓజా ట్రాక్టర్లు తయారయ్యేది మన జహీరాబాద్‌లో. ఆ వరుసలోని చిన్నవాటిని అమెరికాలో లోడర్ తగిలించి కూడా అమ్ముతున్నారు.

అసలు నేర్పు చేతుల్లో కన్నా వాటిని మోసే ఒంట్లో ఉంది. లారీకి ఉన్నట్టు ట్రాక్టరుకి కింద పొడవాటి చాసీ ఉండదు. ఇంజన్, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్సు ఒకదానికొకటి బోల్టులతో కలిసి అవే వెన్నెముక అవుతాయి. బకెట్‌తో మట్టిగుట్టను గుద్దినప్పుడు ఆ దెబ్బంతా కీళ్ళ మీద పడితే పోత ఇనుము పగులుతుంది. అందుకని లోడర్ స్తంభాల నుంచి ఉక్కు కమ్మీలు రెండు పక్కలా సాగి, దెబ్బను ఒంటి పొడవునా పంచుతాయి. రెండు చేతుల మధ్య అడ్డంగా వెల్డింగ్ చేసిన గొట్టానిదీ ఇలాంటి పనే. బకెట్ ఒక మూల రాయికి తగిలితే రెండు చేతులూ చెరో దారి పట్టి మెలిపడకుండా అది పట్టి ఉంచుతుంది.

ఇక తూకం. ట్రాక్టర్ 1,200 కిలోలు, అందులో 500 ముందు ఇరుసు మీద, ఇరుసుల మధ్య దూరం 160 సెంటీమీటర్లు అనుకుందాం. బకెట్‌తో కలిపి 500 కిలోల బరువు ముందు ఇరుసుకి మీటరు ముందు వేలాడితే, ఆ ఇరుసు మీద పడేది 1,310 కిలోలు. ట్రాక్టర్ మొత్తం బరువుకన్నా ఎక్కువ! వెనక మిగిలేది 390. వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి. ఇప్పుడు వెనక ఇరుసుకి 80 సెంటీమీటర్ల వెనక 300 కిలోల కాంక్రీటు దిమ్మె తగిలించండి. వెనక టైర్ల మీద 300 కాదు, 450 కిలోలు పెరుగుతాయి. ముందు ఇరుసు మీద 150 తగ్గుతాయి. ఒక్క దిమ్మె రెండు పనులు చేసింది. లోడర్ బలాన్ని నిర్ణయించేది చివరికి ఈ తూకమే. బీఎక్స్ తన బరువే 630 కిలోల చిల్లర, ఎల్2501 దానికి దాదాపు రెట్టింపు. 630 కిలోల బండికి అరటన్ను ఎత్తే జాకీలు పెట్టడం కష్టమేమీ కాదు. పెడితే బండే ముందుకు ఒరుగుతుంది. రిలీఫ్ వాల్వ్ స్ప్రింగుని అక్కడ ఆపిన ఇంజనీరు చూసుకున్నది జాకీ శక్తిని ఒక్కదాన్నే కాదు.

ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది, గతుకుల్లో నాలుగు చక్రాలూ నేలను అంటుకోవడానికి. దాంతో బండి నిలబడేది నిజానికి త్రికోణం మీద: వెనక రెండు టైర్లు, ముందు ఆ పిన్ను. నిండు బకెట్‌ను పైకెత్తి పక్కవాలులో నడిపితే, ముందు చక్రాలు ఆపడానికి పూనుకునేసరికి ఆలస్యమైపోతుంది. బరువు మోసేటప్పుడు బకెట్‌ను మోకాలి ఎత్తులోనే ఉంచమనడానికి కారణం ఇదే. పైగా ఈ చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. బరువుతో దిగుడు దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసుకుంటే ఆ బ్రేకు గేర్ల ద్వారా ముందు టైర్లకీ అందుతుంది.

డ్రైవరు కుడిచేతి కింద ఉండే ఒక్క కర్ర ఇదంతా నడుపుతుంది. వెనక్కి లాగితే చేతులు లేస్తాయి, ముందుకు నెడితే దిగుతాయి. ఇంకాస్త నెట్టి కర్రను బిగించి వదిలితే జాకీ రెండు వైపుల దారులూ ట్యాంకుకి తెరుచుకుని, బకెట్ తన బరువుతో తానే నేల ఎగుడుదిగుళ్ళను అనుసరిస్తుంది. ఎడమకు తోస్తే బకెట్ లోపలికి ముడుచుకుంటుంది, కుడికి తోస్తే కుమ్మరిస్తుంది. కుమ్మరించేటప్పుడు జాకీ కడ్డీ బయటికి రావాలి. ఆ వైపు నిండడానికి నూనె ఎక్కువ కావాలి కనుక అది నెమ్మది పని. కర్రను కుడికి ఇంకా లోతుగా తోస్తే, కడ్డీ వైపు నుంచి బయటపడే నూనెను ట్యాంకుకి పంపకుండా రెండో వైపుకే మళ్ళిస్తుంది వాల్వ్. పంపు అంతే, నూనె అంతే, బకెట్ మాత్రం చటుక్కున ఒరుగుతుంది. నాకు ఈ యంత్రం మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే.

పని అయ్యాక లోడర్‌ను విప్పడానికి పానా అక్కర్లేదు. మడిచి ఉంచిన రెండు కాళ్ళు దింపి, రెండు పిన్నులు లాగి, రంగులతో గుర్తుపెట్టిన నాలుగు గొట్టాలు ఊడదీసి, ట్రాక్టర్‌ను వెనక్కి తీసుకుంటే సరి. ఇంజన్ ఆపాక గొట్టాలు ఊడదీసేముందు కర్రను నాలుగు వైపులా ఊపి ఒత్తిడి వదిలించాలి. ఈ ఒక్క పని మరిచిపోతే, బయట ఎండకు లోపలి నూనె ఇంకా ఉబ్బి, మర్నాడు ఎంత నొక్కినా గొట్టం కప్లర్ ఎక్కదు.