కాళిదాసుని మృగయాఘట్టములలో బాణప్రతిసంహారము

మహాకావ్యములయందు వర్ణింపఁదగిన విషయములను పరిగణించునపుడు దండి మృగయను చేర్పలేదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున చేర్చెను. ఈ తరువాతి పరిగణనమే బడులలో ప్రబలుటచేత, కావ్యమున రాజు విల్లు చేఁబూని లేడి వెంటఁబడినంతనే అది వర్ణనకొఱకు వచ్చిన ఘట్టమని చెప్పి ముందునకు సాఁగుట బోధకులకు వాడుకయైనది. వలలు, వేఁటకుక్కలు, బోయల కేకలు నిండిన ప్రబంధములకు అలవడినవారికి ఈ యభిప్రాయము కలుగుట సహజమే. ఆ కొలతతోనే కాళిదాసును కొలిచినచో మాత్రము గొప్ప నష్టము వాటిల్లును. ఆయన వేఁటఘట్టములలో కథను నడపునది విడువఁబడని బాణము.

దీనిని గ్రహించుటకు విలుకాని చేతిపనిలోని క్రమము ముందుగా తెలియవలెను. పని లేనపుడు వింటి నారిని ఒక కొననుండి సడలించి యుంతురు. ఎల్లవేళల బిగించి యుంచిన విల్లు బిగువు చెడును. వేఁటకు పోవునపుడు విల్లు వంచి నారిని రెండవకొనకు తగిలించుట ఎక్కుపెట్టుట. అట్టి విల్లు సంస్కృతమున అధిజ్యము. అధిరూఢమైన జ్య కలదని ప్రాదిబహువ్రీహి, రూఢశబ్దమునకు లోపము, జ్యాశబ్దమునకు ఉపసర్జనహ్రస్వము. పిమ్మట బాణపుంఖమును నారికి చేర్చుట సంధానము, తెలుఁగున తొడుగుట. ఆపైని నారిని చెవిదాఁక తిగుచుట ఆకర్షణము. కడపటిది మోక్షము, అనఁగా ఏయుట. ఈ నాలుగును వేఱు వేఱు క్రియలు. నేఁడు ‘బాణము ఎక్కుపెట్టెను’ అని విద్వాంసులు సైతము వ్రాయుచున్నారు. ఎక్కుపెట్టఁబడునది విల్లే గాని బాణము కాదు. కృష్ణసారమును వేఁటాడుట 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టముచే నిషిద్ధమైనది; బాలురు కన్నులార చూచి ఈ పదముల భేదము నేర్చుకొను వీలు లేదు. కావున దానిని కాపాడు భారము పాఠము చెప్పువారిదే.

ఇఁక శాకుంతలము. వ్యాసుని దుష్యంతుఁడు సేనతో అడవి చొచ్చి పులులను, మృగములను పెక్కింటిని చంపిన తరువాతనే కణ్వాశ్రమమునకు వచ్చును. కాళిదాసు ఆ సేనను తెరవెనుకకు త్రోసి, ఒక రథము, ఒక సూతుఁడు, ఒక కృష్ణసారము మాత్రమే మిగిల్చెను. తొలి మాటలలోనే సూతుఁడు రాజును అధిజ్యకార్ముకునిగా చూచి, మృగరూపమున పాఱిన యజ్ఞమును తఱుమునట్టి పినాకితో పోల్చును. ఆ పురాణకథలో యజ్ఞము రుద్రుని బాణమునకు గుఱియైనది. ఈ పోలిక విన్న సభికుఁడు ఈ లేడియు కూలునని యెదురుచూచును. మిట్టపల్లములైన నేలపై సూతుఁడు పగ్గములు బిగించుటచేత మృగము దూరమైనది. చదునునేల వచ్చినంతనే పగ్గములు వదలఁగా రథము దానిని సమీపించినది. అప్పుడు రాజు శరసంధానము చేయును. అప్పుడే ఆశ్రమమృగమును చంపరాదను కేక వినఁబడును. బాణపు త్రోవలోనున్న మృగమునకును రాజునకును నడుమ తాపసులు నిలిచిరని సూతుఁడు తెలుపఁగా, రాజు మొదట గుఱ్ఱములను నిలుపుమనును. బాణమును మరల తీయుట ఆ తరువాతనే. పరుగెత్తు రథముమీఁద తొడిగిన బాణమును నిలుకడగా తీయుట యెంత కష్టమో యెఱిఁగిన కవి కూర్చిన క్రమమిది.

తాపసుఁడు ఆ సంధానమును చక్కగా చేయఁబడినదని మెచ్చుచునే బాణమును ప్రతిసంహరింపుమనును. ఇందలి సాధుశబ్దమును కేవలము మర్యాదగా తీసివేయువారు కలరు. అది సరి కాదు. గుఱి తప్పుననియో, చేత కాదనియో బాణము తీయఁబడుట లేదు; తగిలి తీరునట్టి బాణమే తీయఁబడుచున్నది. ప్రయోగమునకు ఎదురుగా పోవు క్రియ యగుటచేత సంహరణమునకు ముందు ‘ప్రతి’ అను నుపసర్గము చేరినది. దీనికి ప్రతిఫలముగా తాపసుఁడిచ్చు దీవెన చక్రవర్తియగు పుత్రుఁడు. వేయని బాణమునకు లభించిన యీ కుమారునికొఱకే తక్కిన యాఱంకములును నడచును. ఇట్టి మృగయను వర్ణనాంగమని త్రోసివేయుట యెట్లు?

రెండవ యంకమున కవి మఱొక మెట్టు దిగును. అచ్చట రాజు తనలో తలపోయునపుడు విల్లు అధిజ్యము, బాణము ఆహితము. అనఁగా నారియు నెక్కినది, అమ్మును తొడుగఁబడినది. వంచుట మాత్రము చేత కాదు. శకుంతలకు ముగ్ధమైన చూపులు నేర్పినవి ఆ లేళ్లే కదా యని హేతువు. తొలియంకమున ఒరుల మాట ఆఁపినది. ఇచ్చట ఆఁపువారు లేరు. పిమ్మట సేనాపతి వచ్చి మృగయను పొగడును. మేదస్సు తగ్గుట, శరీరము తేలికయగుట, భయక్రోధములందు మృగముల చిత్తమెట్లుండునో తెలియుట, చలలక్ష్యమున గుఱి కుదురుట అని ఆయన చెప్పు గుణములు కౌటిల్యుఁడు అర్థశాస్త్రపు ఎనిమిదవ యధికరణమున చెప్పిన వానికి మిక్కిలి దగ్గఱగానున్నవి. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అర్థశాస్త్రమును ప్రకటించిన పిదప ఈ పోలికను చూచుట సుకరమైనది. మనువు మృగయను కామజవ్యసనములలో చేర్చుటయు సేనాపతి యెఱుఁగనిది కాదు. దానిని వ్యసనమనుట పొరపాటని ఆయన వాదించును. వాదము శాస్త్రసమ్మతమే, వినువాని మనస్సు మాత్రము అందు లేదు. వేఁట మానుమని ఆజ్ఞాపించుచు రాజు తన వింటి నారిముడిని సడలించి దానికి విశ్రాంతి నిమ్మనును. ఎక్కిన నారి దిగినది. సంధానము, ప్రతిసంహారము, తుదకు జ్యాశైథిల్యము: ఈ మూఁటిని వరుసగా చూడనివానికి రెండంకముల సంబంధము సగమే తెలియును.

మృగయాశబ్దము అన్వేషణార్థకమగు మృగధాతువునుండి పుట్టినది. ధాత్వర్థమున వధ లేదు. వెదకుటకు వచ్చినవాఁడు వేఱొకదానిని కనుఁగొనెనని ఈ నాటకమును చదివినచో వ్యాకరణము కవికి తోడ్పడును.

రఘువంశపు తొమ్మిదవ సర్గమున దశరథుని వేఁట ఇంతకంటె కఠినమైనది. గుఱియైన మగలేడికి ఆఁడులేడి తన మేను అడ్డముగా నిలిపినది. దశరథుఁడు చెవిదాఁక తిగిచిన బాణమును కృపతో ప్రతిసంహరించెను. క్రియ శాకుంతలములోనిదే, ఘట్టము వేఱు. అచ్చట తొడిగిన బాణము, ఇచ్చట తిగిచిన బాణము. వింటి బిగువంతయు చేతులమీఁద నున్న క్షణమున నారిని మెల్లగా వెనుకకు కొనిపోవలెను. వెనువెంట వచ్చు శ్లోకమున చెవిని చేరిన గట్టి పిడికిలియే విచ్చినదని కవి చెప్పుట ఒక చిక్కు. వసిష్ఠుని పేర వ్యాపించిన ధనుర్వేదసంహితలో ముష్టి యనఁగా నారిని పట్టు విధము. అది తెఱచుకొన్నచో బాణము పోవును, లేడి చచ్చును. కవి యేమఱెనని యనుటకు వీలు లేదు. రాజు అచ్చట ముముక్షువు, అనఁగా శరములను విడువఁగోరువాఁడు. సన్ప్రత్యయము కోరికవఱకే చెప్పును, విడుపు జరిగినదని చెప్పదు. ‘బిభిదే’ యనునది కర్మకర్తరి. రాజు పూనికతో పనిలేక పట్టు తనంత తానే సడలినదని తాత్పర్యము. కావున భేదమనఁగా ఇచ్చట శైథిల్యమే. చేయి విచ్చి బాణము పోయినదని యర్థము చెప్పుట శ్లోకపు టాశయమునకు విరుద్ధము.

ఇట్లు లేళ్ల కన్నులలో ప్రియురాలి చూపులను తలఁచి చేయి సడలినవాఁడే సర్గాంతమున, నీటిలో కడవ మునుఁగు చప్పుడు విని ఏనుఁగని భ్రమసి శబ్దవేధిబాణము వేసి మునికుమారుని కూల్చెను. రాజునకు అడవియేనుఁగును చంపుట నిషిద్ధమని కవియే అచ్చట స్మరించును. చూచినపుడు మరలిన బాణము విన్నపుడు మరలలేదు. భారతమున పాండురాజు మృగరూపుఁడగు కిందముని అయిదు బాణములతో కొట్టిన తరువాతనే మాటలు మొదలైనవి. ఆపై జరిగిన ధర్మాధర్మచర్చ యెంత దీర్ఘమైనను పోయిన బాణము తిరిగి రాలేదు.

శాకుంతలపు ఆఱవ యంకమును ఈ రెంటికి ప్రక్కన పెట్టి చదువవలెను. కంటికి కనఁబడని మాతలి విదూషకుని పట్టుకొనఁగా, దుష్యంతుఁడు ఆర్తధ్వనినే యాధారముగా కొని బాణము తొడుగును. హంస పాలను నీళ్లను వేఱుపఱచునట్లు తన బాణము చంపఁదగినవానిని చంపి, కావఁదగినవానిని కాచునని ఆయన ధైర్యము. దశరథుఁడు పడిన గోతియంచునకే ఈ రాజును వచ్చినాఁడు. మాతలి ప్రత్యక్షమై, ఇంద్రుఁడు అసురులనే నీకు గుఱిగా నియమించెనని చెప్పఁగా రాజు అస్త్రమును ఉపసంహరించును. దీనిని తెలుఁగు చేయువారు తొలియంకమున వాడిన మాటనే ఇచ్చటను వాడుట మేలు. ఒకచోట ‘తీసె’ననియు ఒకచోట ‘దించె’ననియు వ్రాసినచో రెండంకములకు గల బంధము తెగును. అస్త్రము ఉపసంహరించి మాతలిరథ మెక్కి స్వర్గమునకు పోయిన రాజు, తిరిగివచ్చు త్రోవలో మారీచాశ్రమమున సింహపుఁగూనను లాగు బాలకుని చూచును. తొలి బాణమును మరల్చిననాఁడు తాపసుఁడు దీవించిన కుమారుఁడు వాఁడే.